చెప్పులు తొడుక్కునే రండి

తిరుపతిలో ఎక్కడికి వెళ్లినా గుమ్మం ముందు చెప్పులు విప్పమంటారు. మా రిసార్టు రెస్టారెంటులో మాత్రం తొడుక్కునే రమ్మంటాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ మాట చెప్పడానికి గుమ్మం దగ్గర నిలబెట్టిన మనిషి కుప్పయ్య. అంతకు ముందు ఆయన ఇరవై రెండేళ్లు ఒక గుడి ముందు చెప్పుల స్టాండులో పనిచేశాడు. అన్నేళ్లు విప్పండి, విప్పండి అన్న నోటితోనే అరవయ్యో ఏట తొడుక్కోండి అనడం మొదలుపెట్టాడు.

నా పేరు మునికుమార్, ఆ రెస్టారెంటులో కెప్టెన్ని. కెప్టెనంటే ఓడ నడిపేవాణ్ణి కాదు, ఆర్డర్లు రాసుకుని సర్వర్ల మీద అరిచేవాణ్ణి.

ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. ఈత కొలనులోంచి లేచినవాళ్లు లేచినట్టే తడి నిక్కర్లతో, ఒట్టి కాళ్లతో వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్లు. ఒకాయన తడి కాళ్లతో జారి మా సర్వర్ మీద పడ్డాడు, సర్వర్ చేతిలోని సాంబారు ఇద్దరి మీదా పడింది. మర్నాడే మేనేజరు రూపశ్రీ మేడం గుమ్మం పక్కన బోర్డు పెట్టించింది. తడి బట్టలతో రాకూడదు, ఒంటి మీద చొక్కా ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి. మొదటి రెండింటికీ ఎవరూ పేచీ పెట్టలేదు. తంటా అంతా మూడోదానితోనే.

మనవాళ్లకు కాళ్లు కడుక్కుని తినడం అలవాటు. బోర్డు చదవకుండానే గుమ్మం ముందు చెప్పులు వరసగా విప్పేసి లోపలికి వచ్చేసేవాళ్లు. కుప్పయ్య ఆ జతలు చేతిలో పట్టుకుని బల్లల మధ్యకు వెళ్లి, ఎవరివి వాళ్ల కాళ్ల ముందు పెట్టేవాడు. ఒక్కసారీ జత మారలేదు. కొండ మీద చెప్పులు పోగొట్టుకుని వచ్చేవాళ్ల కోసం మేడం నాలుగు జతల రబ్బరు చెప్పులు కొనిపెట్టింది. కుప్పయ్య రోజూ పొద్దున్నే వాటిని సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టేవాడు. అది ఆయన పని కాదు. ఎవరూ చెప్పలేదు కూడా.

ఇంతలో ఫోన్లలో మా మీద రాతలు మొదలయ్యాయి. తినడానికి వెళితే కాళ్లు తనిఖీ చేస్తున్నారని ఒకరు, ఇది హోటలా ఆఫీసా అని ఇంకొకరు. మేడం మమ్మల్ని పిలిచి, నెలాఖరుకు ఈ చెప్పుల రూలు ఉంచడమో తీసేయడమో తేల్చేస్తాను, మీ మాట చెప్పండి అంది. నేను తీసేయమన్నాను. జనం నాలుగు రోజులు హాయిగా ఉండడానికి వస్తారు, ఇంట్లో లుంగీలో కూర్చుని తినే మనిషికి ఇక్కడ కట్టుబాట్లేమిటి, తడి లేకుండా వస్తే చాలదా అన్నాను. కుప్పయ్య మాత్రం ఉంచాల్సిందే అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన్ని కాస్త గట్టిగానే దెప్పాను. "అన్నా, రాజ్యాంగం రాసినట్టు కాపాడతా ఉండావే ఆ బోర్డును?"

కుప్పయ్య ముద్ద కలుపుతూనే చెప్పాడు. "మాది చిత్తూరు అవతల ఎర్రమిట్టపల్లె అప్పా. మా నాయన మునెయ్య పెద్ద వీధిలో పోవల్లంటే సెప్పులిప్పి సంకలో పెట్టుకోవల్ల. నేను ఎనక నడిస్తా ఆ సెప్పుల్నే సూసేవాణ్ణి. స్టాండులో ఉన్నన్నాళ్లూ గూడా ఇప్పమనే పనే. సెప్పులేసుకోనే రా, అట్లయితేనే లోపలికి రానిస్తామనే జాగా నా బతుకులో ఇది ఒకటే సూసినా. నువ్వు తీసేయమంటాండావు."

సంకలో పెట్టుకున్న చెప్పుల సంగతి మా తాత నోట నేనూ విన్నాను, కానీ మా తాత అరుగు మీద కూర్చునే వాళ్లలో ఒకడు. ఆ మాట నేను కుప్పయ్యకు చెప్పలేదు. సిగ్గేసింది, అంతే.

ఆదివారం రెండు గంటలప్పుడు ఒక తండ్రీ కొడుకూ కారు దిగారు. తండ్రికి ఎనభై దాటి ఉంటాయి, తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఇద్దరి చెప్పులూ ఒకే సంచిలో పెట్టి కొండ మీద పోగొట్టుకున్నారట. కాలే బండల మీద ముసలాయన మునివేళ్లతో నడిచి వచ్చాడు. కుప్పయ్య రెండు జతల రబ్బరు చెప్పులు ముందు పెట్టాడు. కొడుకు వెంటనే తొడుక్కున్నాడు. తండ్రి వాటి వంక చూసి తల తిప్పుకున్నాడు.

"ఎవరెవరో తొడిగిండేవి. నాకొద్దు."

"కడిగినేవి సామీ," అన్నాడు కుప్పయ్య.

"వద్దంటాండా గదా. అమర్‌నాథూ, సెప్పరా ఈయప్పకు."

అమర్‌నాథ్ ఇద్దరినీ బతిమాలాడు. చివరికి ముసలాయన గుమ్మం పక్క బల్ల మీద కూలబడ్డాడు. గొడవ విని నేను బయటికి వచ్చాను. పెద్దాయన కదా, ఈ ఒక్కసారికి వదిలేయమన్నాను.

"రూలు రూలే అప్పా," అన్నాడు కుప్పయ్య. ఆ గొంతు నేనెప్పుడూ విననిది. నన్ను కాస్త పక్కకు లాగి, చిన్నగా అన్నాడు. "ఎర్రమిట్టపల్లె జయరావు. పెద్ద వీధిలో మొదటి ఇల్లు ఆయప్పదే."

నిజం చెప్పాలంటే, బయటే కూర్చుంటే కూర్చోనీ అనిపించింది. యాభై ఏళ్ల తర్వాత ఒక గుమ్మం కుప్పయ్య చేతికి వచ్చింది, వదులుకోమని చెప్పడానికి నేనెవర్ని?

అలా ఐదారు నిమిషాలు గడిచాయి. ముసలాయన పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. అమర్‌నాథ్ కంగారుగా కుప్పయ్య దగ్గరికి వచ్చాడు. "షుగర్ మనిషప్పా. పొద్దున మాత్ర ఏసుకున్న్యాడు, ఇంకా ఏమీ తినలా. సూడు, సెమట్లు పోస్తా ఉండాయి."

కుప్పయ్య అప్పుడు తలెత్తి జయరావు మొహంలోకి చూశాడు. మరుక్షణం తలుపు బార్లా తెరిచాడు. "రాండి సామీ. అట్లే రాండి," అంటూ రెక్క పట్టుకుని లేపి, ఒట్టి కాళ్లతోనే లోపలికి నడిపించి దగ్గర బల్ల ముందు కూర్చోబెట్టాడు. "మునికుమారూ, సక్కెర నీళ్లు, బిన్నా పరిగెత్తు," అని నన్నే పురమాయించాడు. గ్లాసు తానే పట్టుకుని తాగించాడు.

పావుగంటకు ఆయనకు ప్రాణం కుదుటపడింది. పప్పన్నం, పెరుగన్నం తిన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నీ మేలు మర్సిపోనప్పా. మీదే ఊరు?"

"మీ ఊరే సామీ. మునెయ్య కొడుకును."

జయరావు చాలాసేపు ఆలోచించాడు. నటనేమీ కాదు, నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. "యా మునెయ్య?"

"ఉండినాడులే సామీ, ఒకాయన," అన్నాడు కుప్పయ్య.

కారు వెళ్లిపోయింది. జరిగిందంతా మేడంకు అప్పటికే తెలిసిపోయింది. సాయంత్రం టీ వేళకు మా ఇద్దరినీ పిలిచింది. ఆమెకు కోపం రాలేదు. "కుప్పయ్యా, రూలు ఉంచమన్నది నువ్వే, తప్పిందీ నువ్వే. ఇప్పుడేం చేద్దాం?" అంది.

"తడి బట్టలు వద్దనండి మేడం, సొక్కా ఉండల్లనండి. ఆ సెప్పుల మాట తీసేయండి."

నేనుండబట్టలేక అడిగాను. "అంటే ఆయన మీద కోపం పోయిందా అన్నా?"

"యాడ పోతాది? నాయన పేరు గూడా తెలీదంట ఆయప్పకు. కోపం కోపమే. అది నాతోనే ఉంటాది." కుప్పయ్య మేడం వైపు తిరిగి చెప్పాడు. "మా నాయన్ను ఆయప్ప ఏ పొద్దూ నోటితో సెప్పులిప్పమనలా మేడం. అరుగు మింద కూర్చోని కాళ్ల దిక్కు సూసేవాడు, అంతే. ఈ పొద్దు నేను గూడా ఆయప్ప కాళ్ల దిక్కే సూస్తా నిలబడినా. మొగాన సెమట్లు పోస్తా ఉండేది నాకు కనపళ్లా."