కాల్చి చూసిన బిళ్లలు

మొన్న మెట్ల మీద పక్కింటి పాప బొమ్మ తుపాకీ పేలుస్తుంటే, కాలిన మందు వాసనకి జనక్‌పురిలోని మా బాల్కనీ గుర్తొచ్చింది.

మా వైపు మెట్రో కొత్తగా వచ్చిన ఏడాది. నాకు ఏడేళ్లు. పోలీసులకు వెళ్లే పిస్తోలు తూటాలను పరీక్షించడం నాన్న ఉద్యోగం. ఒకేసారి తయారైన ప్రతి లాటులోంచి కొన్ని తీసి కాల్చి చూసి, మిగతా పెట్టెలన్నిటికీ సంతకం పెట్టేవారు.

ఆ దీపావళి ముందు నాన్న సరిగ్గా అన్నం తినడం మానేశారు. ఆయన పాస్ చేసిన లాటులో ఒక తూటా, ఎవరో పోలీసు కాల్చబోతే సమయానికి పేలలేదట. అమ్మ అడిగితే, "తూటా వెనక మందు అంటించే ప్రైమర్ గట్టిగా ఉంది. పిన్ను కొట్టినా అంటుకోలేదు" అనేవారు. ఆ పోలీసు ఏమయ్యాడో మాత్రం నా ముందు చెప్పలేదు.

నాన్నకి మంచివి ఏరి ఇస్తే సరిపోతుందనుకున్నాను. బాల్కనీలో కూర్చుని, దీపావళికి కొన్న నా డబ్బాలోని తుపాకీ బిళ్లలన్నీ ఒక్కొక్కటే నా బొమ్మ తుపాకీలో పెట్టి కొట్టాను. పేలనివి పారేసి, పేలినవి దోసిట్లో పట్టుకెళ్లాను.

"నాన్నా, యే సబ్ పక్కా హై! ఇవి ఆఫీసుకి తీసుకెళ్లు."

నాన్న ఆ నల్లటి బిళ్లల్లోంచి ఒకటి తీసి తిప్పి చూశారు.

"పక్కావేనమ్మా. కానీ అన్నీ కాల్చేశావుగా."

ఏం తప్పు చేశానో తెలియక ఏడ్చాను. నా మసి చేతులను ఆయన రుమాలుతో తుడుస్తూ ఉండిపోయారు.

కాల్చి చూడని వాటికి పెట్టిన సంతకమే ఆయన దిగులని ఇప్పుడు తెలుసు. ఆ తర్వాత నా ప్రోగ్రెస్ కార్డు మీద కూడా నాన్న కలం ఆగి ఆగి కదిలేది.