వీర్రాజు గారి రెండు కొయ్యల ఓడ

2022 వేసవి. నా పని గది అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఉండేది. నేను స్కేల్ మోడళ్లు చేస్తాను. కట్టబోయే అపార్ట్‌మెంటునో ఫంక్షన్ హాలునో బల్ల మీద పట్టేంత చిన్నదిగా, కొలత తప్పకుండా తయారుచేసే పని. ఒకప్పుడు ఎల్‌బీ నగర్ బిల్డర్ల నుంచి చేతి నిండా పని ఉండేది. తర్వాత వాళ్లు ఇల్లంతా కంప్యూటర్‌లోనే తిప్పి చూపించడం మొదలుపెట్టారు. నా దగ్గర పనిచేసిన ఇద్దరూ వేరే దారి చూసుకున్నారు. నాకు పెళ్లి కాలేదు, తొందరగా ఇంటికి పోవలసిన అవసరమూ లేదు. మధ్యాహ్నం మెస్‌లో కోచింగ్ పిల్లల మధ్య కూర్చుని తినేవాణ్ని. ఎవరి ఫోను వాళ్లది. కొన్ని రోజులు పెరుగు అడగడానికి తప్ప నా నోరు తెరుచుకునేది కాదు.

అలాంటి రోజుల్లో సత్యవతి గారు మెట్లెక్కి వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి, రిటైరైన టీచరు. సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక పాత ఇంట్లో అన్నయ్యతో ఉంటారు. సొంతూరు కాకినాడ వైపు. ఒక బిల్డరు ఆఫీసులో నేను చేసిన మోడల్ చూసి, అక్కడే నా నంబరు తీసుకున్నారట. వాళ్ల అన్నయ్య వీర్రాజు గారు చిన్న వయసులో ఏడేళ్లు తెరచాప ఓడ మీద పనిచేశారు. ఆ ఓడలు ఆగిపోయాక హైదరాబాదు వచ్చి వడ్రంగం చేసుకుని బతికారు. ముసలితనంలో తన ఓడను గుర్తు మీద టేకు ముక్కలతో చెక్కడం మొదలుపెట్టారు. అడుగు భాగం అయింది, తెరచాపలు కట్టే రెండు కొయ్యలూ నిలబెట్టారు. అంతలో పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాటా పోయింది. నాలుగేళ్లుగా ఆ ఓడ తాడూ తెరచాపా లేకుండా అలాగే ఉంది.

ఓడ పని నేనెప్పుడూ చేయలేదనీ, ఇండ్లే చేస్తాననీ చెప్పాను.

"ఇళ్లు చేసేవాళ్లు కొలత తప్పరు కదండీ," అన్నారావిడ. "కాకపోతే మా ఇంటికొచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని చేయాలి. అదొక్కటే నేను అడిగేది."

మర్నాడు పొద్దున వెళ్లాను. ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీలో వీర్రాజు గారు, ఎదురుగా బల్ల మీద రెండడుగుల ఓడ. ఎనభై దాటిన మనిషి. ఎడమచేయి మాత్రం ఇంకా వడ్రంగిదే. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది. తిరిగి చెప్పడానికి మిగిలింది ఒక్క మాట, 'అది'. ఆకలైనా అదే, కోపమైనా అదే. గొంతును బట్టి చెల్లెలు పోల్చుకునేవారు.

ఓడకు తాళ్లు కట్టే పనిని రిగ్గింగ్ అంటారు. అందులో రెండు రకాలు. కొయ్యలు పడిపోకుండా అటూ ఇటూ లాగి పట్టుకునేవి స్టాండింగ్ రిగ్గింగ్, అవి కదలవు. తెరచాపలను ఎత్తడానికీ దించడానికీ తిప్పడానికీ ఉండేవి రన్నింగ్ రిగ్గింగ్. ఇంటర్నెట్‌లో ఫొటోలు, వీడియోలు చూసి ఇదంతా నేర్చుకున్నాను. బజారులో దొరికే దారం పనికిరాలేదు, నూగు లేచి చిన్న ఓడ మీద గొంగళిపురుగులా కనిపిస్తుంది. నూలు పోగులను చేతి డ్రిల్లుకు తగిలించి పేని, తేనెమైనం రుద్ది, మూడు లావుల్లో తాళ్లు తయారుచేశాను. వారానికి మూడు పొద్దులు వెళ్లేవాణ్ని. సత్యవతి గారు టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయేవారు. మేమిద్దరం గంటల తరబడి మాట లేకుండా కూర్చునేవాళ్లం. నా గదిలోనూ మాట ఉండదు. కానీ ఇక్కడి మౌనం వేరు, ఇక్కడ నా చేతులను ఒక మనిషి చూస్తున్నాడు.

స్టాండింగ్ రిగ్గింగ్‌కు ఆయన పేచీ పెట్టలేదు. రన్నింగ్ రిగ్గింగ్ దగ్గర చిక్కొచ్చింది. వెనక తెరచాపను తిప్పే తాడును ఫొటోల్లో చూసినట్టే కొయ్య మొదట్లో కట్టి పోయాను. మళ్లీ వెళ్లేసరికి అది విప్పి ఉంది. మళ్లీ కట్టాను. నా కళ్లముందే ఎడమచేత్తో విప్పి, దాని కొసను వెనక్కి, చుక్కాని దగ్గరికి లాగి, వేలితో నొక్కిపట్టి "అది" అన్నారు. అక్కడ ఎందుకో నాకు తట్టలేదు. సత్యవతి గారిని పిలిచి అడిగాను. ఆ ఓడల చివరి రోజుల్లో సరుకు దొరక్క, జీతాలు రాక, ఓడ మీద మనుషులు తగ్గిపోయారని వాళ్ల నాన్నగారు అంటుండగా ఆవిడ విన్నారట. చుక్కాని పట్టినవాడు గాలి తిరిగినప్పుడు పిలిస్తే వచ్చేవాడు లేడు. ఆ తాడు కూడా అతని చేతికే అందాలి. ఆవిడ అలా చెబుతుంటే వీర్రాజు గారు తల ఊపారు. ఆ తాడు ఆయన చూపించిన చోటే కట్టాను. ఆ రోజు నుంచి ఫొటోలు చూడడం మానేశాను.

తెరచాపలకు గుడ్డ కూడా అంత తేలిగ్గా కుదరలేదు. మామూలు బట్ట నేత ఆ చిన్న కొలతలో గోనెపట్టాలా కనిపిస్తుంది. చివరకు సత్యవతి గారు పెట్టెలోంచి తీసిన ఒక పాత పంచె పనికొచ్చింది, ఉతికి ఉతికి పొరలా అయింది. టీ నీళ్లలో ముంచి రంగు తెచ్చాను. అసలు తెరచాపను సన్నని పట్టీలు కలిపి కుడతారు. అది తెలిసేలా మిషన్ మీద అతి సన్నని దారంతో వరుసగా గీతలు కుట్టాను. అంచుల చుట్టూ తాడు వేశాను. ఐదు తెరచాపలకు తొమ్మిది రోజులు పట్టింది. నా చేతి మీదుగా అంత శుభ్రమైన పని అంతకుముందు రాలేదు.

వాటిని తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత నా పనిముట్ల పెట్టెలోంచి చిన్న కత్తెర తీసి, అన్నిటికంటే పెద్ద తెరచాప మధ్యలో దించి చీల్చారు.

సత్యవతి గారు "అన్నయ్యా" అని ఆయన చేయి పట్టుకున్నారు. నేను సామాను సర్దుకుని, చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. వెనక నుంచి ఆవిడ పిలుస్తున్నా ఆగలేదు. షేర్ ఆటో ఎక్కి నా గదికి వచ్చేశాను. వారం రోజులు అటు వైపు వెళ్లలేదు. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపం రెండో రోజుకే పోయింది. ఆ తర్వాత మిగిలింది గదిలో నేనొక్కణ్నే ఉన్నానన్న ఎరుక. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఒక్కణ్నే ఉన్నాను గానీ అది ఎప్పుడూ అలా తెలియలేదు.

ఎనిమిదో రోజున ఆవిడే మళ్లీ మెట్లెక్కి వచ్చారు. ఆయాసం తీరేదాకా బల్ల పట్టుకుని నిలబడ్డారు. మీరు వెళ్లినప్పటి నుంచి ఆయన ఆ గుడ్డను వదల్లేదన్నారు. ఒక కొస పళ్లతో పట్టుకుని, ఒంటి చేత్తో సూదిలో దారం ఎక్కించాలని చూస్తున్నారట. ఆవిడ సాయం పోతే విదిలించి కొడుతున్నారట.

"ఓడ మీద మా అన్నయ్య పని అదేనండీ," అన్నారు. "చిరిగిన తెరచాపకు మాసిక వేయడం. రేవులో ఓడ ఆగితే అందరూ ఊళ్లోకి పోయేవాళ్లట, ఈయనొక్కడే డెక్కు మీద కూర్చుని కుట్టుకునేవాడట. ఆ సంగతి మా అమ్మ ఎప్పుడో ఒకసారి అంది. ఆయన నోటితో నాకేం చెప్పలేదు. నేనూ అడగలేదు."

ఆవిడతో పాటే బయలుదేరాను. వీర్రాజు గారు నన్ను చూసి తల దించుకున్నారు. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను.

"ఇగ కుట్టుండ్రి పెద్దాయనా. గుడ్డ నేను పట్టుకుంట," అన్నాను.

మధ్యాహ్నమంతా కుట్టారు. ఆయనకు లేని కుడిచేయి పని నేను చేశాను, అంటే గుడ్డను బిగువుగా పట్టుకోవడం, సూది అవతలికొస్తే లాగి ఇవ్వడం. చీలిక మీద చిన్న ముక్క వేసి, చుట్టూ ఏటవాలుగా పావంగుళం కుట్లు వేశారు. మా ఓడ కొలత ఒకటికి యాభై. ఆ లెక్కన అసలు ఓడ మీద ఒక్కో కుట్టు అడుగు పొడవుంటుంది. మా వృత్తిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. ఇంటికి తీసుకుపోయి విప్పి, సన్నగా కుట్టి తెస్తే ఆయనకు తెలుస్తుందా అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. ఆఖరి ముడి వేశాక దారాన్ని పళ్లతో తెంపి, గుడ్డను మోకాలి మీద పరిచి, అరచేత్తో రెండుసార్లు చదును చేశారు. "అది" అన్నారు. ఆ గొంతు నేనంతకుముందు వినలేదు. లోపల్నుంచి సత్యవతి గారు కూడా బయటికొచ్చి నిలబడ్డారు. ఆ తెరచాపను ఉన్నది ఉన్నట్టే కొయ్యకు కట్టాను.

వానలు మొదలయ్యేసరికి ఓడ పూర్తయింది. పని అయ్యాక వాళ్లింటికి వెళ్లడానికి నాకు కారణం లేకపోయింది. ఊరికే వెళ్లి కూర్చోవచ్చని అప్పుడు తోచలేదు. మెట్రోలో అటుగా పోయినప్పుడు దిగుదామా అనుకునేవాణ్ని, స్టేషను దాటిపోయేది.

మరుసటి ఎండాకాలంలో సత్యవతి గారు ఫోన్ చేశారు. అన్నయ్య పోయి నెల దాటిందన్నారు. ఎవరికీ చెప్పే ఓపిక లేకపోయిందట. ఇప్పుడెందుకు చేశానంటే, ఓడ మీద దుమ్ము పడుతోంది, ఏ బ్రష్షు వాడాలి అని అడిగారు.

మెత్తటి బ్రష్షు ఒకటి తీసుకుని వెళ్లాను. తాళ్లకు తగలకుండా ఎలా దులపాలో చూపించాను. ఆవిడ నా పక్కనే వంగి చూస్తూ, ఒక్కో తాడు మీద వేలు పెట్టి, దీని పేరేమిటండీ అని అడిగారు. నాకు తెలిసిన ఇంగ్లిష్ పేర్లు చెప్పాను.

"అవి కాదండీ. మా అన్నయ్య వాళ్లు ఏమనేవాళ్లు?"

ఏ తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏది లాగితే ఏ తెరచాప కదులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. అదంతా ఆయనే నేర్పారు. ఆ పేర్లు మాత్రం ఆయన నోట్లోనే ఉండిపోయాయి. వాటిని చెప్పగలిగిన రోజుల్లో ఆయనను అడిగినవాళ్లు లేరు. అడిగే మనిషి వచ్చేసరికి ఆయనకు మాట లేదు.

అప్పటి నుంచి పని పద్ధతి ఒకటి మార్చుకున్నాను. మోడల్ కోసం ఎవరొచ్చినా, పాత ఇల్లు గానీ బండి గానీ నాగలి గానీ, టేపు తీయకముందు కాగితం తీస్తాను. ఇందులో ఒక్కో భాగాన్ని మీరు ఏమని పిలిచేవాళ్లు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు చెప్పడం మొదలుపెడితే టీ చల్లారిపోయేదాకా ఆపరు. నేను రాసుకుంటూ కూర్చుంటాను. కొలతలు తర్వాతైనా దొరుకుతాయి.