ప్రార్థనలో తేలిన పట్నం కాపురం

మా అత్తగారింట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడేవాళ్లు కాదు. ఏ తగువైనా దేవుడికే చెప్పుకునేవాళ్లు, అదీ ఎదుటివాళ్లకు బాగా వినపడేలా. దీపం పెట్టే వేళకు చాప పరుచుకుని అత్తగారు, మా ఆయన, నేను ప్రార్థనకు కూర్చునేవాళ్లం. రోజుకొకరి వంతు. ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతా ఇద్దరూ కళ్లు మూసుకుని విని, చివర ఆమేన్ అనాలి. మధ్యలో అడ్డు చెప్పకూడదు, లేచాక దాని ఊసెత్తకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. రెండేళ్లు తిరిగేసరికి నేనే అందులో ముదిరిపోయాను.

అరవైల మొదట్లో సంగతి ఇది. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే మా పల్లె. అక్కడి చిన్నబడిలో నేను పంతులమ్మను. ఆ ఉద్యోగం ఏ ఏడాది ఉంటుందో, ఏ ఏడాది ఊడుతుందో తెలియదు. అలాంటిది నెల్లూరులో ఒక ఆడపిల్లల బడి నుంచి ఖాయం ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. పదిహేను రోజుల్లో చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. రోజూ పోయిరావడం కుదిరే పని కాదు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వానలొస్తే అదీ ఉండదు. చేరాలంటే కాపురం పట్నానికి ఎత్తాల్సిందే.

ఒక శనివారం పోయి ఇల్లు చూసొచ్చాను. బజారు వెనక సందులో ఒక గది, దాని ముందు వసారా, అంతే. మూడు కాపురాలకు ఒకటే కొళాయి. గోడకు అవతల ఎవరో తాలింపు పెడితే ఇవతల మనం తుమ్మాలి. నాకు మాత్రం ఆ సందు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అడుగు బయట పెడితే అంగళ్లు, పుస్తకాలు, మనుషులు. కరెంటు దీపం కింద కూర్చుని పిల్లల పలకలు కాదు, నోటుపుస్తకాలు దిద్దుకోవచ్చు. మా పల్లెలో గాలికి కొదవ లేదు, నిజమే. ఆ ఉప్పుగాలికే మా ఆయన కుట్టుమిషను తుప్పు పట్టేది. మిషనుకు కూడా పట్నమే మేలని నా వాదం.

ఇంటికొచ్చి పోదామన్నాను. మా ఆయన ఆలోచిద్దామన్నారు. ఆయన ఆలోచిద్దామన్నారంటే ఆ సంగతి అటకెక్కినట్టే. అత్తగారు దీపం వెలిగించి చాప పరిచారు. ఆ సాయంత్రం వంతు ఆమెది.

"తండ్రీ, ఇంత గాలీ వెలుతురూ ఇచ్చినావు. దీన్ని వదిలిపెట్టి అగ్గిపెట్టంత కొంపలో దూరాలని ఎవురికన్నా బుద్ధి పుట్టుంటే, ఆ బుద్ధి మళ్లించు" అన్నారామె.

పళ్ల బిగువున ఆమేన్ అన్నాను. దేవుడు నా బుద్ధి మళ్లించలేదు. నేనేం చేసేది?

మర్నాడు నా వంతు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పట్నమంటే భయపడేవాళ్లు ఈ ఇంట్లో ఎవరన్నా ఉంటే వాళ్లకు కాస్త ధైర్యం ప్రసాదించమని గట్టిగా అడిగాను. అత్తగారిని దెప్పాననుకున్నాను. ఆమె తడుముకోకుండా ఆమేన్ అనేశారు. మా ఆయన గొంతు మాత్రం వినపడలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన తల వంచుకుని చాప అంచు పుల్లలు పీకుతున్నారు. నా మాట ఎవరికి తగిలిందో అప్పటికి గానీ తెలియలేదు.

మూడోనాడు ఆయన వంతు. ఆయన వంతంటే మాకు సుఖం, కంఠతా వచ్చిన పరలోక ప్రార్థన గబగబా చెప్పేసి లేచేవారు. ఆ రోజు అది చెప్పాక కూడా లేవలేదు.

"ప్రభువా, ఈ ఊళ్లో నాకు టేపు కూడా అక్కర్లేదు, మనిషిని చూస్తే కొలత తెలిసిపోతాది. పట్నంలో వీధికి నలుగురు టైలర్లు ఉండారు. నన్నెవురు పిలుస్తారు? ఆమె జీతం తెస్తా ఉంటే నేను కూర్చోని తినాల. అది నా వల్ల కాదు" అన్నారు.

నాలుగేళ్ల కాపురంలో నాతో ఒక్కనాడూ అనని మాట అది. ఆమేన్ అంటే ఉద్యోగం వదులుకున్నట్టు, అనకపోతే ఆయన బాధను కాదన్నట్టు. ఎటూ తేల్చుకోకుండానే లేచి చాప చుట్టేశాను. మర్నాడు బడిలో, రాలేనని రాయడానికి కాగితం తీశాను. రెండు వాక్యాలు రాసి చించేశాను. ఆయన మీద జాలి ఉంది. కానీ ఆయన చేతకానివాడు కాదు, నేనూ చేతకానిదాన్ని కాదు. ఇద్దరం కలిసి ఎందుకు ముడుచుకుని కూర్చోవాలి?

ఆ సాయంత్రం మళ్లీ అత్తగారి వంతు. ఇంకేం వడ్డిస్తారోనని బిగదీసుకుని కూర్చున్నాను.

"తండ్రీ, వీడి నాయన పోయేటప్పటికి వీడికి మూడేండ్లు" అని మొదలుపెట్టారు. "నాట్లేసి, కళ్లాల్లో వడ్లు చెరిగి సాకినాను. ఆడదాని కష్టమని అప్పుడు వీడికి కూడు గొంతు దిగకుండా పోలేదు. ఇప్పుడు పెండ్లాం తెచ్చిన కూడు గొంతు దిగదంట. ఆ గొంతు నువ్వే బాగుచెయ్యి నాయనా. పొయ్యేచోట నాకూ ఒక చాప పట్టేంత సందు చూపించు."

నేను వెంటనే ఆమేన్ అన్నాను. అత్తగారు కదల్లేదు, కొడుకు కోసం ఆగారు. ఎంతసేపటికో ఆయన ఆమేన్ అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన ఎంత దిగమింగారో నాకు తెలుసు. ఆయన ముఖం నేను చూడకూడదనిపించి, ఆయన లేచి వాకిట్లోకి వెళ్లేదాకా కళ్లు మూసుకునే కూర్చున్నాను.