బీరువాలోని పుస్తకం

మొన్న మా చెల్లెలి మనవరాలు, కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల, ఏదో అర్థం కాక ఇంటర్నెట్‌లో నిపుణులంతా కూడే చోట ఒక ప్రశ్న పెట్టి, వచ్చిన జవాబు చూసి ముఖం చిన్నబుచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఇంత చిన్న సంగతి కూడా తెలియకుండా ఇక్కడికెందుకొచ్చావు, ముందు మాన్యువల్ చదువుకుని రా అని ఎవరో మహానుభావుడు రాశాడు; దాని కింద మరికొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పి ఏడాది కాలేదు గాని, నాకు ఒళ్లు మండిపోయింది.

డెబ్బైల చివర్లో బెజవాడ గవర్నరుపేటలో, ఒక మేడ మీద, కంప్యూటరు మీద పరీక్షల మార్కులు లెక్కకట్టి ఇచ్చే ఆఫీసు ఉండేది. మాది గుడివాడ దగ్గర పల్లె, నాన్న మిషన్ బడిలో పంతులు. టైపు పాసయ్యానని నాకక్కడ కార్డులు పంచ్ చేసే ఉద్యోగం వచ్చింది. అట్టముక్కల్లాంటి కార్డులకు మేము చిల్లులు పొడిస్తే ఆ చిల్లుల్ని మిషను చదువుకునేది. రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? మేమంతా ఫ్యాన్ల కింద చెమటతో తడిసిపోతుంటే, అద్దాల గదిలో మిషనుకూ దాన్ని నడిపే ప్రోగ్రామరు గారికీ ఏసీ. మిషను పుస్తకాలన్నీ ఆయన వెనక ఇనప బీరువాలో, తాళంచెవి ఆయన జేబులో.

నా పక్క సీటులో, నేను అక్కా అని పిలిచే ఆవిడ ఉండేది. నాగాయలంక దగ్గర సముద్రపు వేట మీద బతికే కుటుంబం. భర్త పోయాక పట్టుబట్టి టైపు నేర్చుకుని వచ్చింది. ఒకరోజు, అచ్చయి వచ్చిన కాగితాలను కార్డులతో సరిచూస్తూ, ప్రతి కట్టలోనూ చివరి విద్యార్థి నంబరు రావడం లేదని కనిపెట్టింది. ఇంకెవరికీ కనబడని సంగతి అది. తిన్నగా అద్దాల గది గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"సార్, కట్టలో ఆఖరి నంబరు రావట్లేదండి. ఎందుకంటారు?"

"పుస్తకంలో ఉందమ్మా, చదువుకో."

"అయితే ఓసారి పుస్తకం ఇప్పించండి, చదువుకుంటాను."

"నీకర్థమయ్యేదైతే బీరువాలో ఎందుకు పెడతాను? చేపలు లెక్కపెట్టడం కాదిది!"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అద్దాల గదిలోకి నన్నెప్పుడైనా పిలుస్తారేమోనన్న ఆశతో, అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాను. అక్క నా వైపు ఒక్కసారి చూసి, వచ్చి తన సీట్లో కూర్చుంది.

ఫలితాలు అలాగే పేపర్లో పడ్డాయి. పేపర్లో నంబరు లేదంటే ఆ రోజుల్లో తప్పినట్టే. కొన్ని వారాల తర్వాత కూచిపూడి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు నలిగిన పేపరు ముక్క పట్టుకుని మెట్లెక్కి వచ్చి, మా అమ్మాయి బాగా రాసిందండీ, ఒక్కసారి చూడండీ అని బతిమాలాడు. అక్కే లేచి కార్డుల కట్ట వెతికి తీసింది. ఆ పిల్లది ఆఖరి నంబరు. ఫస్టు క్లాసు మార్కులు. అప్పటికి ఆ పిల్ల ఆశపడ్డ నర్సు ట్రైనింగులో చేరే గడువు దాటిపోయింది. ఆయన మార్కులు రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మెమో మాత్రం అక్కకి వచ్చింది. పుస్తకంలో స్పష్టంగా ఉన్న సూచనలను పాటించలేదట! కార్డుల పని నుంచి తీసేసి, కాగితాలు కట్టలు కట్టే చోట వేశారు.

రెండేళ్లకు ప్రోగ్రామరు గారు హైదరాబాదు వెళ్లిపోయాక, ఆఫీసువాళ్లు బీరువా తెరిచి ఆ పుస్తకం నా చేతికిచ్చారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. తర్వాతి నంబరు కార్డు వస్తేనే మిషను అంతకుముందు నంబరు ఫలితం అచ్చువేస్తుంది గనుక, ప్రతి కట్ట చివరా ఒక ఖాళీ కార్డు పెట్టాలి. ఒక్క వాక్యం. దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత. ఆయన ఆ గీత అక్క అడగక ముందు గీశాడో, తర్వాత గీశాడో నాకు ఈనాటికీ తెలియదు. ఏదైనా సరే, క్షమించలేను.

ఆ వాక్యాన్ని తెలుగులో రాసి మా గది గోడకు అంటించి, అక్క దగ్గరికి వెళ్లి తప్పయిపోయిందన్నాను. "ఇప్పుడెందుకులేమ్మా," అంటూ పురికొస ముడి వేసుకుంటూనే ఉంది.

ఇప్పుడు బీరువాలు లేవు, తాళంచెవులు లేవు, లోకంలోని పుస్తకాలన్నీ పిల్లల చేతి ఫోనులోనే ఉన్నాయి. ఆ వెక్కిరింపు ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు. చిన్న ప్రశ్నే కదా అనుకుంటారు నవ్వేవాళ్లు. అక్క ఆ తర్వాత ఉద్యోగం విరమించేదాకా ఆఫీసులో ఎవరినీ ఏదీ అడగలేదు. సాయంత్రం బస్టాండులో కూడా, ఈ బస్సు ఎటు పోతుందని పక్కవాళ్లను అడిగేది కాదు. బోర్డు కనబడేదాకా ఎండలో అలా నిలబడి ఉండేది.