వర్కింగ్ కండిషన్‌లో ఉన్నది

గరువుపేట స్టేషన్ హెడ్ కానిస్టేబుల్ బుల్లియ్యగారి దస్తూరీకి పాలకొల్లు చుట్టుపక్కల పెద్ద పేరుంది. ఆయన రాసిన పంచనామాను కోర్టు గుమస్తాలు కూడా ముచ్చటపడి చదువుకునేవారు. చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, వల వదిలి కలం పట్టుకున్న మనిషి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఎవరి మీదా గట్టిగా చెయ్యి చేసుకోలేదు, ఏ ఆఫీసరుకూ గట్టిగా కాదని చెప్పలేదు. మొదటిది మంచితనం. రెండోది మంచితనం కాదని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2007లో హైదరాబాదులో బాంబులు పేలాక, ఉగ్రవాదం కేసుల మీద, కంప్యూటర్ సాక్ష్యాల మీద ట్రైనింగ్‌కి స్టేషన్‌కొకరిని రాజమండ్రి పంపమని ఆర్డరొచ్చింది. కుర్ర కానిస్టేబుళ్ళంతా తలో సాకు చెప్పి తప్పించుకున్నారు. ఎస్సై జగన్నాథరావు, "మీ రాత బాగుంటుంది కదండీ, వెళ్ళి నోట్సు రాసుకొచ్చెయ్యండి" అని బుల్లియ్యగారిని బస్సెక్కించాడు.

మూడు రోజుల ట్రైనింగ్. నలభై మందికి కలిపి ఒకే కంప్యూటరు. రెండో రోజు దానికీ కరెంటు లేదు. పాఠం చెప్పడానికొచ్చిన పావని ఆయన కూతురి ఈడు పిల్ల. ఏం చేస్తుంది పాపం, బోర్డు మీద సుద్దముక్కతో కంప్యూటర్ బొమ్మ గీసి, ఏ మీట ఎక్కడుంటుందో చూపించింది.

"ఒక్కటి గుర్తుంచుకుంటే చాలండి. ఆఫ్‌లో ఉన్నదాన్ని ఆన్ చెయ్యకండి. ఆన్ చేశారంటే పాత జాడల మీద కొత్తవి రాసేసుకుంటుంది."

మిగతావాళ్ళు ఆవులిస్తుంటే బుల్లియ్యగారికి మాత్రం ఇట్టే అర్థమైంది. తడి ఇసక మీద పీత నడిచిన గీతలుంటాయి. మనం అటూ ఇటూ తిరిగామంటే ఇక పీత ఎటు పోయిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. చిన్నప్పుడు అలా తొక్కినందుకే నాన్న చేతిలో వీపు విమానం మోత మోగింది.

ఆఖరి రోజు పావని, "డౌట్లుంటే అడగండి" అంది. బుల్లియ్యగారికి ఒక డౌటుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నలభై మందిలో నవ్వుతారేమోనని మింగేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని ఇంటికొచ్చేశారు.

రెండు నెలలు తిరక్కుండానే పని పడింది. గోదావరి బ్రిడ్జి మీద రైలు పేల్చేస్తామని కలెక్టరాఫీసుకు మెయిలొచ్చింది. వెతికితే బ్రిడ్జి మీద ఏమీ దొరకలేదు. మెయిల్ మాత్రం గరువుపేటలో ప్రసన్నకుమార్ అనే అతని నెట్ సెంటర్ నుంచి వెళ్ళిందని తేలింది. పెళ్ళాం నగలు కుదువబెట్టి పెట్టుకున్న సెంటరది.

బుల్లియ్యగారు ముందు వెళ్ళేసరికి కరెంటు లేదు. నాలుగు కంప్యూటర్లూ ఆగిపోయి ఉన్నాయి. ఆయన ప్రాణం లేచొచ్చింది. ప్లగ్గులు పీకి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మూడో నంబర్లో టోపీ పెట్టుకున్న పరాయివాడు కూర్చున్నాడండి. ముందు వాడి సొంత మెయిల్ చూసుకున్నాడు, ఫొటోలు చూసుకున్నాడు. అదంతా అందులోనే ఉంటుంది కదండీ? నాకున్న సాక్షి అదొక్కటేనండి" అన్నాడు ప్రసన్నకుమార్.

అతని భార్య రామతులసి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరు ట్రైనింగ్ అయ్యొచ్చారంట కదండీ బాబూ. మీరున్నారు, మాకు ధైర్యమేనండి."

బుల్లియ్యగారు "ఏం ఫర్లేదమ్మా" అన్నారు. ఆ మాట అనకుండా ఉండవలసింది.

గంట తర్వాత ఎస్సై వచ్చాడు. వెంట ఊరి వీఆర్వో, ఇద్దరు మధ్యవర్తులు. ఈలోగా కరెంటూ వచ్చింది.

"ఆన్ చెయ్యండి బుల్లియ్యగారూ."

"చెయ్యకూడదండి. జాడలు పోతాయండి."

"మరి పంచనామాలో ఏం రాస్తారండీ?"

దొంగ మోటారుసైకిల్ దొరికితే మధ్యవర్తుల ముందు కిక్కు కొట్టి, బండి వర్కింగ్ కండిషన్‌లో ఉన్నదని రాయడం ఆ స్టేషన్ ఆచారం. పంపుసెట్టు దొరికినా అంతే, టేప్‌రికార్డర్ దొరికినా అంతే. అలా రాసిందంతా ఈయన చెయ్యే.

"సర్, ఇది బండి కాదండి, ఒక్కసారి నా మాట..."

"పాడైపోయిన డబ్బా తెచ్చి పెట్టారని రేపు లాయరు అంటే మీరొచ్చి చెప్తారా? మీరు చదువుకొచ్చింది మీ దగ్గరుంచుకోండి. ఇక్కడ మీట ఎక్కడుందో తెలిసింది మీకొక్కరికే. నొక్కండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే మెమో, ఆపైన మన్యానికి బదిలీ. చేతులు కట్టుకుని నిలబడ్డ ప్రసన్నకుమార్ ఆయన వైపే చూస్తున్నాడు. బుల్లియ్యగారు వంగి, మూడో నంబరు ప్లగ్గు మళ్ళీ పెట్టి మీట నొక్కారు. తెర వెలిగింది. వీఆర్వో ముచ్చటపడి అందులో ఉన్న పేకాట ఆడి చూశాడు. 'వర్కింగ్ కండిషన్‌లో ఉన్నది' అని గుండ్రటి అక్షరాలతో రాశారాయన. "ట్రైనింగ్ పొందిన హెడ్ కానిస్టేబుల్ ఆధ్వర్యంలో అని కూడా చేర్చండి" అన్నాడు ఎస్సై. అదీ చేర్చి సంతకం పెట్టారు.

ఆ సాయంత్రమే ప్రసన్నకుమార్‌ని అరెస్టు చేశారు. తర్వాత ఎవరు పైనుంచి వచ్చినా స్టేషన్‌లో ఆ కంప్యూటర్ వెలగవలసిందే. చివరికి ల్యాబు రిపోర్టొచ్చింది. స్వాధీనం తర్వాత పదకొండుసార్లు ఆన్ చేశారు, మునుపటి వివరాలు నమ్మకంగా చెప్పడానికి వీల్లేదు. టోపీవాడి జాడ లేదు.

బెయిల్ వాదనలో ప్రసన్నకుమార్ లాయరు, సాక్ష్యం పోలీసులే పాడుచేశారని గట్టిగానే మొత్తుకున్నాడు. జడ్జిగారు పంచనామా తిరగేశారు. ట్రైనింగ్ పొందిన మనిషి దగ్గరుండి చేయించినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. బెయిల్ రాలేదు. వెనక బెంచీలో కూర్చున్న బుల్లియ్యగారికి లేచి నిజం చెప్పెయ్యాలనిపించింది. లేవలేదు. వరండాలో రామతులసి ఆయనకి దారిచ్చి పక్కకి తప్పుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ వేసవిలో, ట్రైనింగ్ అయినవాళ్ళు మిగతావాళ్ళకి చెప్పాలని కొత్త ఆర్డరొచ్చింది. ముప్పై మంది కానిస్టేబుళ్ళ ముందు బుల్లియ్యగారు సుద్దముక్కతో బొమ్మ గీసి, మీట చూపించి, ఆఫ్‌లో ఉన్నదాన్ని ఆన్ చెయ్యకూడదని అందంగా రాశారు.

"డౌట్లుంటే అడగండి."

వెనక వరసలోంచి కొత్తగా చేరిన వీరవేణి లేచింది. "ఎస్సైగారే ఆన్ చెయ్యమంటే ఏం చెయ్యాలండీ?"

రాజమండ్రిలో ఆయన మింగేసిన డౌటు అదే. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"నేను ఆన్ చేశానమ్మా" అన్నారు.