గడిలో రాసిన "లేదు"

మా ఇంటాయనకి గుండెలో స్టంటు వేసింది మా కూతురి కంపెనీ వాళ్లిచ్చిన ఆరోగ్య బీమా కార్డు మీదే. విజయనగరం ఆసుపత్రిలో కార్డు చూపించాం, పని జరిగిపోయింది. ఆ కార్డు ఉందన్న ధీమాతో ఏడాదిపాటు బాగానే నిద్రపోయాను. తరవాత ఒక ఆదివారం పిల్ల వచ్చి, అన్నం తింటూ చెప్పింది.

"ఆఫీసులో మనుషుల్ని తీసేస్తన్నారమ్మా. నా ఉద్యోగం పోతే కార్డూ పోతాది. మీకు సొంతంగా పాలసీ తీసుకుందాం."

మళ్లీ నొప్పొస్తే ఈ మనిషిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి? అదొక్కటే బుర్రలో తిరిగింది.

గజపతినగరంలో బట్టల కొట్టు నడుపుకుంటూ పాలసీలు కూడా చేయించే ఆయనకి పిల్ల కబురు పెట్టింది. వచ్చాడు. మా ఆయనది వేలిముద్ర, అందుకని పాలసీ నా పేరు మీద, ఆయన్ని అందులో చేర్చి. ఫారం తెలుగులోనే ఉంది.

"ముందునుంచీ ఏవైనా జబ్బులున్నాయా మావా?" అని అడిగాడు.

"ఏటీ లేవు" అన్నాడు మా ఆయన, తడుముకోకుండా.

"మరి స్టంటు మాటేటి?" అన్నాను.

"ఒసే, పాడైంది బాగుచేసీసినారు కదే. మన మోటారు కాలిపోతే వైండింగు కట్టించినాం. ఇప్పుడు నీళ్లు పోస్తంది. దాన్ని పాడైన మోటారంటామేటి?"

ఆయన అబద్ధం ఆడలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. మా వైపు చాలామంది అంతే. ఆపరేషనైతే జబ్బు పోయినట్టే, ఆ పైన వేసుకునే మాత్రలు బలానికి.

ఏజెంటు నవ్వాడు. "మావ సెప్పిందే రాద్దాం అత్తా. ఉందని రాస్తే లేనిపోని తిరకాసు." రాసేసి, సంతకానికి ఫారం నాకిచ్చాడు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, డ్వాక్రా గ్రూపులో వేలిముద్ర వెయ్యడానికి సిగ్గేసి నేర్చుకున్నాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. వేలు జరుపుకుంటూ పోతే జబ్బుల గడి వచ్చింది. "లేదు" అని ఉంది. రెండే అక్షరాలు. రేపు డాక్టరు గుండెకి ఫొటో తీస్తే స్టంటు కనబడదా? ముసలాడు లోపల మంచం మీదుంటాడు, నేను బయట కౌంటరు దగ్గరుంటాను. వాళ్లు ఈ కాగితం తీసి, "ఈ సంతకం నీదేనా?" అంటారు.

"ఆ లేదన్నది కొట్టీ. ఉందని రాయి" అన్నాను.

"పాలసీ ఇవ్వరేమో అత్తా."

"ఇవ్వకపోతే ఇప్పుడే ఇవ్వనని సెప్పమను. ఆయన పడిపోయాక సెప్తే నానేటి సేస్తాను?"

మా ఆయన విసురుగా లేచాడు. "నాలుగు ముక్కలొచ్చీసరికి పెద్ద ప్లీడరైపోనాది. నన్ను రోగిష్టోడ్ని సేసీసినాది." కండువా దులుపుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. నేను బతిమాలలేదు.

పాలసీ ఇచ్చారు. కానీ గుండె జబ్బుకి డబ్బులివ్వాలంటే మాత్రం మూడేళ్లు ఆగాలన్నారు. ఆ కాగితం పిల్లే చదివి చెప్పింది. కంపెనీ కార్డుకైతే అలా ఆగక్కర్లేదు, ముందునుంచీ ఉన్న జబ్బయినా చూస్తారు. కాకపోతే ఉద్యోగం ఉన్నన్నాళ్లే.

"రెండూ ఉంచుదామమ్మా. ఈ మూడేళ్లూ ఎలాగోలా ఆ ఉద్యోగంలోనే పడుంటాను."

అక్కడ పైఆఫీసరు దాన్ని ఎన్నేసి మాటలంటాడో నాకు తెలుసు. మానేసి వచ్చెయ్యమని నోటిదాకా వచ్చింది. అనలేదు. మొగుడి గుండె కోసం పిల్లని అక్కడే ఉంచేశాను.

అప్పటినుంచీ పనివేళలో పిల్ల ఫోను వస్తే, ఉద్యోగం పోయిందేమోనని చేతిలో పని వదిలేసి పరిగెడతాను. నిన్న పన్నెండింటికి మోగింది. ఎత్తగానే అడిగాను, "ఉద్యోగం ఉందా?"

"ఉందమ్మా. నాన్న మాత్ర వేసుకున్నాడేటి?"

వేసుకున్నాడో లేదో నాకు తెలీదు. ఫోను చెవికి పెట్టుకునే ఆయన్ని వెతుక్కుంటూ పెరట్లోకి నడిచాను.