నేను చదవని కాపీలు

పొద్దున్నే దేవుడి దగ్గర దండం పెట్టుకునేటప్పుడు అమ్మమ్మనే ముందు తలుచుకుంటాను. నేను ఊహ తెలియని పిల్లగా ఉన్నప్పుడే మా అమ్మ పోతే పెంచింది ఆమె. జబ్బు చేసి బడికి పోలేకపోతే, పీట మీద ముగ్గుపిండి పరిచి నా వేలు పట్టి అక్షరాలు దిద్దించిందీ ఆమే. ఇన్ని కృతజ్ఞతలు చెప్పుకుంటాను గాని, చెప్పవలసిన ఒక్క మాట మాత్రం ఆమె బతికుండగా చెప్పలేదు.

అప్పుడు మేం నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అబిడ్స్ వైపు ఒక ఆడపిల్లల బడిలో అమ్మమ్మ తెలుగు టీచరుగా చేరింది. సాయంత్రం పిల్లలు ఆమె రిక్షా మలుపు తిరిగేదాకా వెంట నడిచేవాళ్లు. నాకు పదహారేళ్లు వచ్చేసరికి ఆమె కళ్లకు పొర కమ్మింది. పాఠాలూ పద్యాలూ నోటికి వచ్చినవే కాబట్టి బడిలో గడిచిపోయేది. పిల్లలు రాసిచ్చే నోటుపుస్తకాలు, ఆ కాపీలు దిద్దడమే కుదరలేదు.

“జర ఎవ్వరికీ చెప్పకు బిడ్డా. తెలిస్తే ఇంట్ల కూసోమంటరు. గా పిల్లలు లేకుంటే నాకు పొద్దువోదు” అంది.

అందుకని రోజూ సాయంత్రం నేను కాపీలు చదివేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని విని, మార్కులూ ఒక మాటా చెప్పేది. నేను ఎర్రసిరాతో రాసేదాన్ని. నా రాతా ఆమె రాతా ఒకటే, ఆమె నేర్పిందే కదా.

ఏటా జనవరిలో నాంపల్లి మైదానంలో పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్ రోజులు. ఆ సాయంత్రం ‘మా అమ్మ’ అనే వ్యాసాల కాపీలు ఒళ్లో ఉన్నాయి. నన్ను నుమాయిష్ చూపిస్తానన్న పక్కింటావిడ తలుపు దగ్గరికి వచ్చింది.

“ఏందే, ఇంకా కాపీలేనా? నువ్వొచ్చేసరికి దుకాణాలు మూసుకుంటరు!”

“నీ లెక్క చదువు లేకుండ తిరగాల్నా అది?” అంది అమ్మమ్మ లోపలి నుంచే.

“చదివి మీరేం కలెక్టరయిన్రు పెద్దమ్మా?” అని ఆవిడ పకపకా నవ్వింది.

ఒక పది కాపీలు సరిగ్గానే చదివాను. తర్వాత చదవకుండా ఊరికే పేజీలు తిప్పుతూ నోటికి వచ్చింది చెప్పాను. ఎరగని అమ్మను ఎంతో కాలంగా ఊహించుకుంటున్నదాన్ని, వెతుక్కోనక్కర లేకపోయింది. ఒక అమ్మ కూరలో రెండుసార్లు ఉప్పేసి నవ్వింది. ఒక అమ్మ జడ వేస్తూ పాటలు పాడింది.

“ఈ తల్లి మస్తుగున్నది! ‘మీ అమ్మను ఎప్పుడూ ఇలాగే నవ్విస్తూ ఉండు’ అని రాయి” అంది అమ్మమ్మ.

చేతిలో ఉన్న కాపీలో రాశాను. నుమాయిష్‌కు పోయి గాజులు కొనుక్కున్నాను.

మూడో రోజు అమ్మమ్మ మధ్యాహ్నమే ఇల్లు చేరింది. నేను ఆ మాట రాసిన కాపీ ఏ పిల్లదో, ఆ పిల్ల తల్లి దసరా ముందర దవాఖానలో పోయిందట. ఎవరితోనూ అనలేని సంగతి టీచరమ్మకని ఆ వ్యాసంలో రాసుకుంది. ఎర్రసిరా మాట చూసి బల్ల మీద తల వాల్చి ఎత్తలేదట. పెద్ద టీచరు అమ్మమ్మను పిలిచి, ఆ కాపీ ముందు పెట్టి చదవమంది.

“‘నాకు కనిపిస్తలేదమ్మా, ఇన్ని రోజులు దాచిన’ అని చెప్పిన. రేపటి సంది రావద్దన్నరు” అంది అమ్మమ్మ చెప్పులు విడుస్తూ. ఎవరు చదివారో అక్కడ చెప్పలేదు. నన్నూ ఏమీ అనలేదు. “గా పిల్ల ఇల్లు దగ్గర్నే అట. జర చెయ్యి పట్టి తీస్కపో” అంది.

తీసుకెళ్లాను. అమ్మమ్మ వాళ్ల గడప మీదే కూర్చుంది.

“చదివి గూడ గట్లెట్ల రాసిన్రు టీచరమ్మా?” అని అడిగింది ఆ పిల్ల.

“చదవలేదు బిడ్డా. తప్పయింది నాది. మీ అమ్మ సంగతి ఇప్పుడు నువ్వే చెప్పు, వింట.”

పిల్ల చాలాసేపు చెప్పింది. నా చెయ్యి అమ్మమ్మ చేతిలోనే ఉంది. తప్పు నాదని ఒక్క మాట అంటే అయిపోయేది. అనకుండానే అమ్మమ్మను లేపి ఇంటికి తీసుకొచ్చాను.

అమ్మమ్మ ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికింది. బడి వదిలేవేళకు రోజూ అరుగు మీదికి వచ్చి కూర్చునేది. పేపరూ, ఉత్తరాలూ, భాగవతం అన్నీ నేనే చదివి వినిపించాను, ఒక్క అక్షరం వదలకుండా. ఉన్నదే చదువుతున్నావా అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.